ఇరవై గంటల చొక్కా

మా నర్సమ్మకి,

ఇంటి దగ్గర నుంచి నీ లేతు మేస్త్రి రాస్తున్నది. నీ ఉత్తరం గురువారం అందింది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు కూడా అక్కడ వేళకి తింటూ, ఆసుపత్రి డ్యూటీల మధ్య కాళ్లకి కాస్త విశ్రాంతి ఇస్తూ బాగున్నావనే అనుకుంటాను. "బాగున్నాం" అనకుండా "బాగానే ఉన్నాం" అని ఎందుకు రాశానో ఈ ఉత్తరం పూర్తయ్యేలోపు తెలుస్తుంది. మధ్యలో కోపం వస్తుంది. వచ్చినా చివరిదాకా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కొళాయి కారడం ఆగింది. మీ అత్తగారి దగ్గు తగ్గింది. మందు సీసా సగంలోనే వదిలేసి, "దగ్గుకి నేనంటే భయం" అని చెప్పుకుంటోంది. పై వాటా వాళ్లు కుర్చీలు ఈడుస్తారని ఆవిడ చేస్తున్న యుద్ధం మాత్రం సాగుతూనే ఉంది. చీపురు కర్రతో సీలింగు మీద పొడిచి పొడిచి సున్నం రాలగొట్టింది. కిటికీలో నువ్వు పెట్టిన నాలుగు మొక్కల్లో మూడు బతికున్నాయి. నాలుగోది ఏదని అడగకు. వర్క్‌షాపులో పంపులకి ఇత్తడి బుష్షులు చేస్తున్నాం, పనికి లోటు లేదు.

నీ ఉత్తరంలో మన అమ్మాయి ఉడత రెండు ముక్కలైనా ఎందుకు రాయడం లేదని రెండుసార్లు అడిగావు. ఒకసారి మొదట్లో, మళ్లీ ఒకసారి చివర్లో, గీత గీసి మరీ. ఆ ప్రశ్న దగ్గరికి తప్పకుండా వస్తాను.

నువ్వు నవ్వుకునే వార్త ఒకటుంది. నేను క్రోషే అల్లిక నేర్చుకున్నాను. బీరువా మీద నువ్వు దాచుకున్న అల్లికల పుస్తకం ఇప్పుడు నా పనిముట్ల పెట్టెలో కొలతలు తీసే వర్నియర్ పక్కన ఉంటోంది. నూనె మరకలు అంటకుండా అట్ట వేశాను. అయినా పదహారో పేజీకి ఒకటి అంటింది. మన్నించు.

మొదట మా అమ్మని అడిగాను, సూది ఎలా పట్టుకోవాలో చూపించమని. ఓ నిమిషం నా మొహంలోకి చూసింది.

"ఒంట్లో బాగుందా?"

"బాగుందమ్మా. ఉడతకి చొక్కా అల్లాలి. వీపుకి బిగించే ఆ ప్లాస్టిక్కు బ్రేసు మీద వేసుకునేది."

"కొనరాదూ?"

"ఆ బ్రేసు కొలతలకి ఎక్కడా దొరకవు. దర్జీ కూడా చెయ్యలేనన్నాడు. ఒక భుజం ఎత్తు, ఇంకోటి పల్లం. కుడి పక్క ఉబ్బు, ఎడమ పక్క లోతు."

"దర్జీ చెయ్యలేనిది నువ్వు చేస్తావా? సరే, ఇటియ్యి దారం."

మూడు రోజులు నేర్పింది. గొలుసు, పొట్టి కుట్టు, పొడుగు కుట్టు. ఆ పైన తనకీ రాదంది. నా మొదటి ముక్కని పొయ్యి మీంచి గిన్నెలు దింపడానికి వాడుకుంటోంది. "దీనికి బాగా పనికొచ్చింది" అని మెచ్చుకుంది కూడా.

తర్వాత బస్టాపు వెనక ఊలు కొట్టుకి వెళ్లాను. ఆ కొట్టావిడ నీకు గుర్తుండే ఉంటుంది, కళ్లద్దాలకి తాడు కట్టుకుని మాట్లాడుతూనే అల్లుతుంటుంది. ఆడపిల్ల చొక్కాకి ప్యాటర్ను కావాలన్నాను. ఏం సైజని అడిగింది. సైజు లేదన్నాను. విషయం చెప్పాక, ముందు పెట్టిన కాగితాలన్నీ వెనక్కి తీసేసుకుంది.

"ఇవి మీకు పనికిరావండీ. ఇవన్నీ రెండు పక్కలా ఒకేలా ఉండే ఒంటికి. మీ ఇంట్లో అల్లికల పుస్తకం ఏదైనా ఉందా?"

"ఉంది. కానీ అందులో చొక్కాలు లేవు. ఉత్తి అల్లికలే."

"అదే కావాలి. చొక్కా మీరు గీసుకోండి. అల్లిక పుస్తకం ఇస్తుంది. ముందు ఒకటి చెప్పండి, ఈ చొక్కా ఏం పని చెయ్యాలి?"

ఆ ప్రశ్నతో నా మనసు కుదుటపడింది. మా వర్క్‌షాపులో ఏ ముక్క తయారు చెయ్యాలన్నా మేం మొదట అడిగేది అదే. నా జేబులో ఉడత చెప్పిన షరతుల కాగితం ఉంది. మొత్తం నాలుగు. చెమట పట్టకూడదు. బ్రేసు బకిళ్లు గుడ్డని కొరక్కూడదు. ఎవరి సాయం లేకుండా తనే వేసుకుని తనే విప్పుకోగలగాలి. ఈ మూడూ పైకి చదివాను. నాలుగోది చదవలేక కాగితమే ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ చదివింది. చేతిలో అల్లిక ఆగింది.

"ఊలు వద్దు, నూలు దారం తీసుకోండి" అంది చివరికి. "పక్కలకి వల లాంటి అల్లిక ఏదైనా చూడండి, గాలి ఆడుతుంది. వీపుకి మాత్రం బొడిపెల అల్లికలు చూడండి. దళసరిగా ఉంటాయి. ఏది నచ్చినా ముందు అరచెయ్యంత ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. ఉతకడం మర్చిపోవద్దు."

ఇంటికొచ్చి నీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ అదొక సగం పుస్తకమని అనుకునేవాణ్ణి. మూడు వందల పైచిలుకు అల్లికలున్నాయి గాని, వాటితో ఏం చేసుకోవాలో ఒక్క ముక్క లేదే అని. ఇప్పుడు చూస్తే అది మా వర్క్‌షాపులో బోల్టు మరల పట్టిక లాంటిది. ఏ బోల్టు ఎక్కడ బిగించాలో పట్టిక చెప్పదు. ఎంత మందానికి ఎన్ని మరలో చెబుతుంది, మిగతాది మనం చూసుకోవాలి. ప్రతి అల్లిక కిందా చిన్న అంకెలున్నాయి కదా, "నాలుగు, పైన ఒకటి" అని. అంటే మొదటి గొలుసులో కుట్లు నాలుగేసి చొప్పున వేసుకుని చివర ఒకటి కలపాలని. అది అర్థమయ్యేసరికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అర్థమయ్యాక పుస్తకం మూయబుద్ధి కాలేదు.

అంత ఉత్సాహంలోనూ ఆవిడ చెప్పిన ఒక్క మాట విన్లేదు. నమూనా ముక్కని ఉతకలేదు. పన్నెండు రోజులు కూర్చుని చొక్కా మొత్తం ఒకే దళసరి అల్లికతో అల్లేశాను. ఉతికి ఆరేస్తే మోకాళ్ల దాకా సాగింది. తడిసిన దుప్పటంత బరువు. అమ్మ చూసి, "ఇందులో నాకూ చోటుంది" అంది. ఉడత నవ్వలేదు.

"నువ్వు ఎన్ని అల్లినా నేను వెళ్లను నాన్నా" అంది.

ఎక్కడికి అని అడుగుతావు. బడికి.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. మొన్నటిదాకా ఉడత ముప్పై నాలుగు రోజులు బడి మానేసింది. నా గత రెండు ఉత్తరాల్లోనూ "ఉడత రోజూ బడికి వెళ్లివస్తోంది" అని రాశాను. అది అబద్ధం. తను నీకు రాయకపోవడానికి కారణం కూడా అదే. కింద నువ్వూ రెండు ముక్కలు రాయవే అని కలం ఇస్తే, పైన నేను రాసింది చదివి కలం తిరిగి ఇచ్చేసింది. "నీ అబద్ధం కింద నేను సంతకం పెట్టను" అంది. పన్నెండేళ్ల పిల్ల.

ఎండలు ముదిరినప్పుడు మొదలైంది. బ్రేసు లోపల చెమట పట్టి చంక కింద ఒరుసుకుపోయింది. బకిళ్లు పట్టి మూడు బడి చొక్కాలు వీపున చిరిగాయి. అదంతా ఓర్చుకుంది. ఒకరోజు ప్రార్థనలో నిలబడి ఉండగా వెనక వరసలో పిల్ల ఒకతి వీపు మీద తలుపు తట్టినట్టు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అందట. వరస మొత్తం నవ్వింది. మర్నాటి నుంచి ఎవరు ఎదురైనా తట్టడమే. ఇంటికొచ్చి నాకు చెప్పి, రేపు వెళ్లనంది. ఒక్కరోజే కదా అనుకున్నాను. అలా ఒక్కొక్క రోజే అనుకుంటూ పోయాను. క్లాసు టీచరుకి వీపు నొప్పి అని చీటీ పంపించాను.

ఇంతకంటే పెద్దది ఇంకోటుంది. వెళ్లేముందు బస్సు కిటికీలోంచి నువ్వు నాతో చివరిగా అన్న మాట, "బ్రేసు రోజుకి ఇరవై గంటలు. మీరు ఒక్క గంట కూడా జాలి పడొద్దు" అని. నేను జాలిపడ్డాను. ఇంట్లోనే ఉంది కదా, కాసేపు తీసెయ్యమ్మా అన్నాను. ఆ కాసేపు పూటైంది. కొన్ని రోజులైతే పడుకునేటప్పుడు తప్ప వేసుకోలేదు. పిల్ల ఏడవకుండా ఉంటే చాలనిపించింది. అది ప్రేమ అనుకున్నాను. నిజానికి ఆ ఏడుపు చూడలేక నన్ను నేను తప్పించుకున్నాను.

పోయిన నెల ఉడతని డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్లాను. డాక్టరు పాత ఎక్స్‌రే, కొత్తది పక్కపక్కన పెట్టారు. ఇరవై ఏడు డిగ్రీలున్న వెన్నెముక వంపు ముప్పై మూడైంది. నలభై అయిదు దాటితే ఆపరేషన్ తప్పదని నీకు నేను చెప్పక్కర్లేదు. "రోజుకి ఎన్ని గంటలు వేసుకుంటోంది?" అని అడిగారు. ఉడత నా వైపు చూసింది. పద్దెనిమిది అన్నాను. పిల్ల ముందే అన్నాను.

బ్రేసు లోపలి ప్యాడ్లు సరిచేయించుకోమని ఆయన మమ్మల్ని బ్రేసులు చేసే ఆయన దగ్గరికి పంపారు. పెద్దాయన. బ్రేసు తిరగేసి, పట్టీ వేళ్ల మధ్య పెట్టి రుద్ది చూశాడు.

"ఏం పని చేస్తారు మీరు?" అని అడిగాడు నన్ను.

"లేతు పని."

"అయితే మీకు తెలుస్తుంది, చూడండి. బకిలు పడే చోట ఈ పట్టీ నలగలేదు. అంచు నునుపెక్కలేదు. పద్దెనిమిది గంటలు బిగిసి ఉన్న పట్టీ ఇలా ఉండదండీ."

ఆయన గొంతులో కోపం లేదు. షాఫ్టు చేతికిస్తే అది ఎన్నాళ్లు తిరిగిందో, ఎక్కడ నూనె అందలేదో అరుగుదల చూసి చెప్పేవాణ్ణి నేను. నా కూతురి వీపు మీది పట్టీని చూడలేదు. ఇంకొకాయన చూసి నాకు చెప్పాడు. తల ఎత్తలేకపోయాను. "అవునండీ, నేను అబద్ధం చెప్పాను" అన్నాను. మళ్లీ డాక్టరు గదికి వెళ్లి, ఎనిమిది తొమ్మిది గంటలకి మించలేదని ఆయనకీ చెప్పాను. ఆయన కాగితం మీద పద్దెనిమిది కొట్టేసి దిద్దారు. "ఇంకా సమయం ఉంది. కానీ ఎక్కువ లేదు" అన్నారు. అంతవరకే.

తిరుగు బస్సులో ఇద్దరికీ టిక్కెట్లు తీసుకున్నాను. తర్వాత అడిగాను.

"ఏం చేస్తే వేసుకుంటావు?"

"తెలీదు."

"తెలీదంటే కుదరదు. వేసుకోక తప్పదు, అది తేలిపోయింది. ఎలా ఉంటే వేసుకోగలవో చెప్పు, నేను చేస్తాను."

"ఏం చేస్తావు?"

"ఏదైనా సరే. నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను."

టిక్కెట్టు వెనక రాసుకున్నాను. మూడు షరతులు గబగబా చెప్పేసింది. నాలుగోది చెప్పేముందు కిటికీ వైపు తిరిగింది. "తట్టితే చప్పుడు రాకూడదు" అంది. ఊలు కొట్టులో నేను పైకి చదవలేకపోయింది అదే.

కాబట్టి మొదటి చొక్కా మోకాళ్లదాకా సాగిందని ఊరుకునే స్థితిలో నేను లేను. మర్నాడే విప్పేశాను. ఒక్కో వరస లాగుతుంటే అమ్మ ఉండలు చుట్టింది. ఆ దారంతోనే పుస్తకంలోంచి పదకొండు అల్లికలు ఎంచి, పదకొండు ముక్కలు అల్లాను. అన్నీ ఉతికాను, ఆరేశాను, కొలిచాను. ఉడత బ్రేసు విప్పే గంటలో దాన్ని బల్ల మీద పెట్టి, ఒక్కో ముక్కా పరిచి వేలి కణుపులతో తట్టాను. ఊరికే కొడితే టకటకమనే ప్లాస్టిక్కు అది. కొన్నిటికి చప్పుడు తగ్గింది, పోలేదు. అమ్మ కూడా వచ్చి తట్టింది. పై వాటావిడ కిందికి వచ్చి, "ఏమిటండీ ఈ కొట్టుడు?" అని అడిగితే, అమ్మ తలుపు దగ్గరే నిలబడి, "మీ కుర్చీలు మేం భరించట్లేదూ?" అంది.

ఉడత గోడ వైపు తిరిగి కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు నటిస్తోంది. ఎనిమిదో ముక్క దగ్గర, ఇటు తిరక్కుండానే, "అది కొంచెం నయం" అంది. నేను తొమ్మిదోది పెట్టి తట్టాను. "ఎనిమిదోదే మళ్లీ." మళ్లీ తట్టాను. లేచి వచ్చింది. కళ్లు మూసుకుని, నన్ను వరస మార్చి తట్టమంది. అయిదుసార్లు మార్చాను, అయిదుసార్లూ ఎనిమిదో ముక్కనే పట్టుకుంది. నీ పుస్తకంలో నూట నలభయ్యో పేజీ అది. పొడుగు కుట్లు అయిదేసి ఒకేచోట వేసి, పైన ముడివేసినట్టు దగ్గరికి లాగుతారు. ఒక్కోటి శనగ గింజంత బొడిపె అవుతుంది. వాటి సందుల్లో గాలి నిలుస్తుంది, చప్పుడు అక్కడే ఆగిపోతుంది.

"ఇది వీపంతా వేస్తే ఉక్కపోస్తుంది" అంది తనే. "తట్టే చోటే వెయ్యి. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా." సుద్దముక్కతో బ్రేసు మీద గీత గీసింది.

ఆ తర్వాత డ్రాయింగు ఇద్దరం కలిసి గీశాం. బ్రేసు చుట్టుకొలత అయిదు ఎత్తుల దగ్గర తీశాను, కుడి వేరు, ఎడమ వేరు. వీపు ముక్క వెడల్పు ముప్పై నాలుగు సెంటీమీటర్లు. నమూనాలో పది సెంటీమీటర్లకి పదిహేడు కుట్లు పట్టాయి. లెక్కేస్తే యాభై ఏడుకి కొంచెం పైన వచ్చింది. అల్లిక చూస్తే నాలుగేసి చొప్పున, పైన ఒకటి. అయితే యాభై ఏడు వెయ్యాలి, లేకపోతే అరవై ఒకటి. వదులుగా ఉంటే మంచిదని నేను అరవై ఒకటి అన్నాను.

"నూలు సాగుతుందని నీకింకా తెలీలేదా నాన్నా?" అంది. "యాభై ఏడు."

యాభై ఏడే వేశాను. పిల్ల చెప్పిందే సరైంది. చంకల దగ్గర కుట్లు తగ్గిస్తే అల్లిక చెదిరిపోతుంటే, పుస్తకంలో గుర్తులు చూసి గళ్ల కాగితం మీద తనే గీసిచ్చింది. పక్కలకి వల అల్లిక వేశాం. బకిళ్ల మీదికి మూత లాంటి రెండు పట్టీలు వచ్చాయి. ముందు వైపు పెద్ద చెక్క బొత్తాలు పెట్టాం, తనే పెట్టుకునేలా. రంగు మాత్రం బడి దుస్తుల నీలమే. ఎందుకంటే ఈలోగా నేను క్లాసు టీచరు దగ్గరికి వెళ్లి, నీలమైతేనే బడిలో వేసుకోవచ్చని తెలుసుకున్నాను. అప్పుడే ఆవిడకి నా చీటీ అబద్ధమని చెప్పి, తట్టుడు సంగతి కూడా చెప్పాను. ఆవిడ తనకి తెలియలేదని బాధపడి, పిల్లలతో మాట్లాడతానంది. ఉడతకి చెబితే వద్దంది. "మా క్లాసు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చొక్కా చూడు."

ఆదివారం పొద్దున పూర్తయింది. ఒక్కతే గదిలోకి వెళ్లి వేసుకుని వచ్చింది. ఇంత అందమైన చొక్కా ఎక్కడా చూడలేదని రాయను. ఎడమ భుజం దగ్గర నా కుట్లు ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా తెలుస్తూనే ఉన్నాయి. కానీ ఒంటికి అతికినట్టు కూర్చుంది. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఎవరు చేశారంటే ఏం చెబుతావే?" అని అడిగింది. "మేమే చేశాం అంటాను" అంది.

నిన్న సోమవారం బడికి వెళ్లింది. గేటు దాకా నేను వెళ్లాను. లోపలికి రావద్దంది. వర్క్‌షాపులో పొద్దున చేసిన రెండు బుష్షులు తుక్కులోకి పోయాయి, మనసు చేతిలో లేదు. సాయంత్రం వచ్చేసరికి వంటింట్లో నానమ్మ పక్కన కూర్చుని తింటోంది. నేను అడగలేదు. అమ్మే అడిగింది.

"తట్టిందా ఆ పిల్ల?"

"తట్టింది. చప్పుడు రాలేదు. మళ్లీ తట్టింది. 'ఏంటిది?' అంది. బొడిపెల అల్లిక అని చెప్పాను."

"ఊరుకుందా?"

"ఇద్దరు ఊరుకోలేదు. రేపు కూడా తడతారు. తట్టనీ."

అదీ సంగతి. అంతా బాగైపోయిందని నీకు రాయను, ఇక అలాంటివి రాయడం మానేశాను. వంపు ముప్పై మూడు దగ్గరే ఉంది. నాలుగు నెలల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, అప్పుడేం వస్తుందో తెలియదు. తెలిసినంతవరకు ఇదీ: నిన్న పంతొమ్మిదిన్నర గంటలు వేసుకుంది. ఇవాళ ఇరవై అవుతుంది. పట్టీని రోజూ నేను వేళ్లతో రుద్ది చూస్తాను. ఏడిస్తే పక్కన కూర్చుంటాను గాని బకిలు వదులు చెయ్యను. ఎన్ని గంటలైతే అన్నే ఉత్తరంలో రాస్తాను, పదహారైతే పదహారనే.

నా మీద కోపం ఉంచుకో, నేను కాదనను. కానీ అది నాకు రాసే ఉత్తరంలోనే ఉండనీ. ఉడతకి వేరే కాగితం మీద రాయి, నాలుగు మాటలైనా. దానికి నీ జాలి వద్దు, నా దగ్గర కావలసినంత చూసింది. అల్లికల పుస్తకంలో చొక్కా చేతులకి ఏది బాగుంటుందో నిన్ను అడగమంది. చలికాలానికి ఇంకోటి అల్లాలట, ఈసారి తనకి నచ్చిన రంగులో. ఈ ఉత్తరం కింద తనూ రాస్తానని చెప్పి, ముందు మొత్తం చదవాలని పట్టుబట్టింది. చదవడానికే ఇస్తాను.

ఇంక ముగిస్తాను. ఎడమ చంక కింద బిగుతుగా ఉందట, రెండు వరసలు విప్పి మళ్లీ అల్లాలి. రేపు బడి వేళకి అయిపోవాలని ఇప్పుడే వచ్చి, చొక్కా తెచ్చి నా ఒళ్లో పడేసి వెళ్లింది.

ఇట్లు,
జాలి కట్టిపెట్టిన
నీ భర్త

అమ్మా, చదివాను. నాన్న రాసిందంతా నిజమే. ఒకటి మాత్రం తప్పు. నిన్న పంతొమ్మిదిన్నర కాదు, పంతొమ్మిది.

ఇట్లు,
నీ కూతురు